పిచ్చుక పంటికి సిమెంటు

జూన్ 12

వదినగారికి,

మీ మరదలు రాస్తున్నది. ముందుగా నా రాతకీ, తప్పులకీ ఏమనుకోకండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. చంటాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని రాస్తున్నాను, వాడు కాలు జాడించినప్పుడల్లా అక్షరం పక్కకి జారిపోతోంది. అర్థం కాని మాట వస్తే వదిలేసి ముందుకి చదువుకోండి.

మీ తమ్ముడు నిన్న సాయంత్రం వచ్చారు. ఒక్కరే వచ్చారు. "పిచ్చుకేదీ?" అంటే, "అక్క దగ్గర ఉంచాను. పన్ను పని ఇంకా ఉందట" అన్నారు. ఆటపట్టిస్తున్నారనుకుని వీధి మలుపు దాకా వెళ్ళి చూశాను. పిల్లని స్తంభం వెనక దాచి నన్ను కంగారుపెట్టడం ఆయనకి అలవాటే కదా. స్తంభం వెనక ఎవరూ లేరు.

చంటాడికి నెల కూడా నిండలేదు, నేను ప్రయాణం చెయ్యకూడదన్నారు కాబట్టి ఆయనతో పంపాను. మీరు పిల్లల పళ్ళ ఆస్పత్రిలో పనిచేస్తున్నారన్న ధైర్యం ఒకటి. సాయంత్రానికి వచ్చేస్తుందనుకుని మార్చుకోవడానికి ఒక్క గౌనే పెట్టాను. పుట్టి ఐదేళ్ళయింది, ఇంతవరకు నన్ను విడిచి ఒక రాత్రి ఉండలేదు.

"పంటికి ఏం చేశారండీ?" అని అడిగాను. "తెల్ల ముద్దేదో పెట్టారు" అన్నారు. "ఏం ముద్ద?" అంటే, "తెల్ల ముద్దేనే" అన్నారు. గోడ గురించి అడిగితే పునాది దగ్గర్నించి మొదలుపెట్టే తాపీమేస్త్రీ, కూతురి పంటి దగ్గరికి వచ్చేసరికి రెండు మాటలతో సరిపెట్టేశారు. చూసింది కింద కుడివైపు చివరి పన్నే కదా? తీపి తగిలినా, చల్లనీళ్ళు తగిలినా బుగ్గ పట్టుకుని కూర్చునేది దానివల్లే.

మీ ఆస్పత్రికి ఫోను చెయ్యమంటారు ఆయన. కొట్లో నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. అందుకే ఉత్తరం.

పొద్దుట్నించీ చేతులు ఊరుకోవడం లేదు. ఉతికిన గౌన్లే మళ్ళీ ఉతికాను. పిచ్చుక పడుకునేటప్పుడు పక్కవాళ్ళ చెవి పట్టుకుంటుంది, విసుక్కోకుండా మీ చెవి ఇవ్వండి. పని ఎప్పటికవుతుందో వెంటనే రాయండి.

మీ మరదలు


జూన్ 16

మరదలు పిల్లా,

నీ రాతకేం తల్లీ, మా డాక్టరమ్మ రాసే మందుల చీటీ పక్కన పెడితే నీది అచ్చు పుస్తకం. ఒత్తుల సంగతి నాకూ అంతంత మాత్రమే.

నీ కూతురు బ్రహ్మాండంగా ఉంది. నా చెవులు మాత్రం లేవు. ఒకటి ఎర్రబడితే రెండోవైపు తిరిగి పడుకుంటున్నాను.

ఇక పన్ను సంగతి. తమ్ముడు చెప్పలేడు గానీ నేను చెబుతాను, విను. పన్ను లోపల చిన్న గది ఉంటుంది. ఆ గదిలో ఎర్రటి గుజ్జు ఉంటుంది, దాన్నే అందరూ నరం అంటారు. పిచ్చుక పంటి పుచ్చు ఆ గది కప్పు దాకా దిగింది. మొదటి రోజే పని పూర్తి చేద్దామనుకున్నాం, నోరు తెరిస్తే కదా! తెరిచిన ఒక్కసారీ డాక్టరమ్మ వేలు కొరికింది. ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని, "పన్ను పుచ్చినా పట్టు బాగానే ఉంది" అంది. ఆ రోజుకి పైపై పుచ్చు గీకేసి, లవంగనూనె ముద్ద పెట్టి పంపేశాం. తమ్ముడు చెప్పిన తెల్ల ముద్ద అదే. పిసికింది నేనే. గాజు పలక మీద జింకు పొడి పోసి, లవంగనూనె చుక్క వేసి, వేలికి అంటుకోకుండా ఉండ కట్టేదాకా నూరుతాం. నొప్పి లాగేస్తుంది. మా ఇల్లంతా లవంగాల వాసనే, నా చీరలతో సహా.

అసలు పని వచ్చే వారం. గదిలో పైనున్న చెడిపోయిన గుజ్జు తీసేసి, పంటి వేళ్ళలో ఉన్న మంచి గుజ్జుని బతికించుకోవాలి. దాని మీద ఫార్మోక్రెసాల్ అనే ఘాటు మందు అద్దిన దూది కాసేపు అదిమి తీసేస్తారు. మేం ముద్దుగా ఫార్మో అంటాం. సీసా మూత తీస్తే చాలు, నా కళ్ళు ధారలు కడతాయి. తర్వాత మళ్ళీ తెల్ల ముద్ద, దాని మీద స్టీలు తొడుగు. అంతే.

పిల్లని పగలంతా క్లినిక్‌లోనే కూర్చోబెట్టుకుంటే పళ్ళెంలో పరికరాలన్నీ పొడుగు ప్రకారం సర్దేస్తోంది. అందుకని పక్క వీధి బడిలో కూర్చోబెట్టాను. టీచరు నాకు తెలిసినావిడే. నువ్వు పెట్టిన ఒక్క గౌను ఏం సరిపోతుంది? రెండు కుట్టించాను, ఒక సంచీ కొన్నాను. ఆ సంచీ వేసుకుని అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో చూడాలి!

దిగులు పడకు. చంటాడికి నా ముద్దులు.

నీ వదిన


జూన్ 20

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు.

పక్క వాటాలో ఉండే ఆవిడకి మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ తమ్ముడు పెద్దాసుపత్రిలో శవాల గదిలో పనిచేస్తాడు. ఫార్మో అనగానే ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "అయ్యో, అది శవాలు కుళ్ళకుండా పెట్టే మందే అమ్మాయ్! మా తమ్ముడు ఇంటికొస్తే ఆ వాసనకి నేను వాణ్ణి గుమ్మంలోనే నిలబెడతాను" అంది.

వదినగారూ, నాకు తెలియక అడుగుతున్నాను. చచ్చిపోయినవాళ్ళకి పెట్టే మందు నా పిల్ల నోట్లో ఎందుకు? గుజ్జుని బతికించాలని మీరే రాశారు. బతికించడానికి పెట్టే మందు అదా? పెట్టేశారా, ఇంకా లేదా? పెట్టేసి ఉంటే తీసెయ్యమని చెప్పండి. డాక్టరమ్మకి కోపం వస్తే నా పేరు చెప్పండి, ఏమీ తెలియని మొద్దు అని చెప్పండి, ఫర్వాలేదు.

మొన్నట్నించి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పొయ్యి మీద ఏదో పెడతాను, కిటికీ దగ్గరికి వెళతాను, ఎందుకు వచ్చానో మర్చిపోతాను. ఆయనతో చెబితే, "అక్క ఉండగా మనకెందుకే" అన్నారు.

ఇంకొక మాట. బడి ఎందుకండీ? వారం రోజులకి ఉన్న పిల్లకి సంచీ ఎందుకు? మీరు ప్రేమతో చేశారని తెలుసు. కానీ ఆ ముక్క దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఇక్కడ దాన్ని బడికి పంపాలని నేను దాచి ఉంచిన పలక ఇంకా గోడకి ఆనించే ఉంది.

మీ మరదలు


జూన్ 24

మరదలా,

పక్క వాటా ఆవిడకి నా ఉత్తరాలు చదివి వినిపించకు. ఈసారి ఏం కింద పెడుతుందో!

నీకు అబద్ధం చెప్పను. ఆవిడ చెప్పిన మందూ, మా మందూ ఒక ఇంటివే. మేం వాడేది ఒక్క చుక్క, అదీ దూదిని బాగా పిండేశాక. దేశదేశాల్లో ఎన్నో ఏళ్ళుగా పిల్లల పళ్ళకి అది వాడారు, వాళ్ళంతా పెద్దవాళ్ళయి తిరుగుతున్నారు. అది గుజ్జు పైపొరని బిగదీసి కుళ్ళకుండా ఆపుతుంది. నువ్వడిగినట్టు బతికించదు, నిజమే. చెడకుండా ఆపుతుంది, అంతే.

పిచ్చుకకి ఇంకా పెట్టలేదు. కుర్చీ ఎక్కించే రోజు పొద్దున్నే నీ ఉత్తరం వచ్చింది. తీసుకెళ్ళి డాక్టరమ్మకి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ తల్లి అడిగిన దాంట్లో తప్పేముంది? నాకూ ఆ సీసా మానేయాలనే ఉంది. ఈ పిల్లకి కొత్త సిమెంటు పెడదాం, కొన్నాళ్ళు ఆగమను" అంది. అది మా దగ్గర లేదు, పెద్ద ఊరి నుంచి తెప్పించాలి. అంతదాకా లవంగనూనె ముద్దే కాపలా.

సిమెంటు అన్నాను, చూశావా? నిజంగా సిమెంటేనే! తమ్ముడికి చెప్పు, ఎగిరి గంతేస్తాడు. వాడు గోడలకి వాడేదానికి దగ్గరి చుట్టమట. దాన్ని బాగా శుద్ధి చేసి, పిండికన్నా మెత్తగా చేసి, ఎక్స్‌రేలో కనబడేలా ఇంకేదో కలుపుతారు. నీళ్ళతో తడిపి గుజ్జు మీద పెడితే అక్కడే గట్టిపడుతుంది. మిగతా మందులకి తడి శత్రువు, దీనికి మాత్రం తడే కావాలి. అందుకని పైన తడి దూది పెట్టి మూస్తారు. దాని కింద గుజ్జు తనంతట తానే గట్టి పొర కట్టుకుని బతుకుతుందట. పన్ను కొంచెం నల్లబడొచ్చు, తొడుగు కింద ఎవరికి కనబడుతుంది?

నీ ప్రశ్న వల్లే పని ఆగింది కాబట్టి ఆలస్యం నా నెత్తిన వేయకు.

బడి మాన్పించమంటే మాన్పిస్తాను. కానీ నిన్న అక్కడ పాట నేర్చుకుని వచ్చి క్లినిక్‌లో ఏడుస్తున్న పిల్లలందరికీ పాడింది. నువ్వే చెప్పు.

వదిన


జూన్ 29

వదినగారికి,

డాక్టరమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ నవ్వలేదని చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

సిమెంటు మాట మీ తమ్ముడికి చెప్పాను. అన్నం తింటున్నవారు పొలమారి దగ్గేశారు. "పంట్లో సిమెంటా! ఇసుక ఎంత పాళ్ళట?" అని ఒకటే నవ్వు. తర్వాత పనివాళ్ళ దగ్గర మాట్లాడినట్టు గంభీరంగా మాట్లాడారు. "సిమెంటుకి తడి తప్పిందంటే నెర్రెలిస్తుంది. పెట్టాక తడుపుతూనే ఉండాలి. మా అక్కకేం తెలుసు? నోటినిండా నీళ్ళు పట్టి ఉంచమన్నానని పిచ్చుకతో చెప్పమను" అన్నారు. ఆయన చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడిదాకా నిన్న రాసి ఆపాను. ఇవాళ మళ్ళీ పట్టుకున్నాను.

పొద్దున ఆయన్ని అడిగాను, సిమెంటుని ఎన్నాళ్ళు తడపాలండీ అని. స్లాబుకైతే మూడు వారాలన్నారు. సిమెంటు ఇంకా రానే లేదు, వచ్చాక మూడు వారాలు, తర్వాత తొడుగు. నా ముఖం చూసి, "ఉండనీవే. అక్కకి మాత్రం ఎవరున్నారు? పిల్ల ఉంటే ఇల్లు కళకళలాడుతుంది. ఇక్కడ నీకూ చంటాడితో సరిపోతోంది కదా" అన్నారు. తాపీ, తూకం గుండు సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.

ఆయన మామూలుగానే అన్నారు. నేనే మామూలుగా వినలేకపోయాను. సంచీ, రెండు గౌన్లు, బడి, పాట, రాని సిమెంటు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

వదినగారూ, నాకు ఆ పన్ను వద్దు. పాలపన్నే కదా, ఎప్పటికైనా ఊడేదే కదా. పీకించేసి పిల్లని పంపించండి. సిమెంటూ వద్దు, తొడుగూ వద్దు. బోసినోటితో వచ్చినా ఫర్వాలేదు. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

మీ మరదలు


జూలై 4

మరదలికి,

నీ ఉత్తరం వచ్చేసరికే సిమెంటు పెట్టేశాం. పెట్టి రెండు రోజులయింది. పిచ్చుక కిక్కురుమనలేదు. గుజ్జు తీశాక రక్తం కొద్దిగా వచ్చి దానంతట అదే ఆగింది. అలా ఆగితే లోపలిది బతికే ఉన్నట్టని డాక్టరమ్మ సంతోషించింది. ఈ సిమెంటు తడి ఇసుకలా ఉంటుంది, ముద్దలా సాగదు. కలపడం నాకూ కొత్తే. కొలత రెండుసార్లు చూసుకున్నాను, ఎవరి పిల్లో తెలుసు కాబట్టి.

ఇది నీ మామూలు స్లాబు కాదు. మర్నాటికే గట్టిపడింది. మూడు వారాల లెక్క ఎవరు చెప్పమన్నారు వాడిని? వచ్చే వారం తొడుగు సైజు చూసి వేస్తే అయిపోతుంది. నేనే తీసుకొచ్చి దింపుతాను.

పీకించెయ్యమన్నావు. పీకడం ఎంతసేపు! నీ కూతురి పంటి కింద పెద్ద పన్ను ఒకటి మెల్లగా తయారవుతోంది. అది పైకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. అంతవరకు ఆ చోటు పట్టుకుని ఉండేది ఈ పాలపన్నే. ఇప్పుడు దీన్ని తీసేస్తే, ఏడాదిలోగా వెనక నుంచి వచ్చే దవడపన్ను ముందుకి ఒరిగి ఆ ఖాళీ ఆక్రమించుకుంటుంది. అడుగున ఉన్నదానికి దారి ఉండదు. గుమ్మం పెట్టాల్సిన చోట ఇటుకలు పేర్చేసినట్టు. నీ మొగుడిని అడుగు, అది వాడికి అర్థమవుతుంది.

తమ్ముడి సందేశం పిచ్చుకకి చదివి వినిపించాను. పడీపడీ నవ్వింది.

ఇక నువ్వు రాయకుండా రాసినదాని గురించి. నీ పిల్లని నేను దాచుకుంటున్నానని కదా? నా తమ్ముడిని ఎత్తుకు పెంచాను. వాడిని నీ చేతిలో పెట్టిన రోజున నేనేమైనా లెక్క అడిగానా? గౌన్లు కుట్టించడం తప్పయితే విప్పి పంపుతాను.

ఇంతే సంగతి.

వదిన


జూలై 9

వదినగారికి,

ఈ చీటీ మీ తమ్ముడి పనులకి ఇసుక తోలే లారీ డ్రైవరన్న చేతికిచ్చి పంపుతున్నాను. అతను ఇప్పుడే మీ ఊరు బయలుదేరుతున్నాడు. లారీలో చంటాడితో కుదరదు కాబట్టి నేను రేపు పొద్దున మొదటి బస్సుకి వస్తున్నాను. ఆయన స్లాబు పోతకి వెళ్ళారు, మొదలుపెడితే మధ్యలో ఆపరు. ఆయనకి చెప్పలేదు. పక్క వాటా ఆవిడకి చెప్పాను.

డ్రైవరన్న నిన్న మీ ఆస్పత్రి మీదుగా వెళుతూ పిచ్చుకని చూశాడట. "చెల్లెమ్మా, పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. రెండు బుగ్గలూ బూరెల్లా ఉబ్బిపోయాయి. పిచ్చుకా అని పిలిచాను, పలకలేదు. ఏమైందే అంటే కళ్ళు తిప్పింది, తల అడ్డంగా ఊపింది, నోరు తెరవలేదు. లోపల మీ వదిన ఎవరికో మందు కలుపుతోంది" అన్నాడు.

అంతా బాగుందని రాశారు. రక్తం ఆగింది, సంతోషం అని రాశారు. ఇదా బాగుండటం? ఆ సిమెంటు పన్ను దాటి నోరంతా పట్టేసిందా? మాట ఎందుకు రావడం లేదు దానికి? నా దగ్గర ఎందుకు దాచారు?

దాన్ని ఎక్కడికీ పంపకండి. అక్కడే ఉంచండి. నేను వస్తున్నాను.


జూలై 17

మరదలు పిల్లా,

పిల్లలతో క్షేమంగా ఇల్లు చేరామని నీ కార్డు వచ్చింది. హమ్మయ్య. చంటాడికి ప్రయాణంలో చేసిన జలుబు తగ్గిందా?

మా క్లినిక్‌లో ఇంకా నీ కబుర్లే. కొట్లో నలుగురి ముందు గొంతు పెగలదని రాసింది నువ్వేనా? గదినిండా జనం, నువ్వు గుమ్మంలో నిలబడి, చంకలో చంటాడు, "నా పిల్లేదీ?" అని ఒక్క కేక పెట్టావు. కుర్చీలో గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లాడు ఠక్కున ఆపేశాడు. పిచ్చుక నిన్ను చూసి అమ్మా అనబోయి, నోట్లో ఉన్న నీళ్ళన్నీ డాక్టరమ్మ తెల్లకోటు మీద పోసేసింది. పోసేసి వెంటనే ఏడుపు! ఎందుకమ్మా అంటే, "నీళ్ళు పోయాయి, ఇప్పుడు నా పన్ను పగిలిపోతుంది, నాన్న చెప్పాడు" అని. బడిలోనూ అలాగే కూర్చుందట. నాలుగు రోజులు. టీచరు బుద్ధిమంతురాలని మెచ్చుకుంది! నేను ఆ వారం పనిలో మునిగిపోయి, పిల్ల అల్లరి తగ్గింది అనుకున్నాను తప్ప బుగ్గలు చూడలేదు. తడి దూది లోపలే ఉంది, బయట నోరు నింపుకుంటే ఒరిగేదేమీ లేదని డాక్టరమ్మ ఎంత చెప్పినా నమ్మలేదు. నువ్వు చెప్పాకే నమ్మింది.

నువ్వు వెళ్ళిన దగ్గర్నించి డాక్టరమ్మ ప్రతి తల్లినీ పిలిచి, పెట్టబోయే మందు గాజు పలక మీద చూపిస్తోంది. "మేస్త్రీగారి భార్య అడిగింది కదా, అందరికీ అడగాలని ఉంటుంది, అడగరు" అంటోంది. నాకు పని రెట్టింపయింది.

నవ్వుతూ మొదలుపెట్టాను గానీ, రాయాలనుకున్నది ఇది కాదు.

నువ్వు అనుమానపడుతూ రాసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నిజానికి అప్పటికి నా మనసులో ఏమీ లేదు. లేదనే అనుకున్నాను. కానీ ఒక సంగతి. సిమెంటు ఇంకా రాలేదని డాక్టరమ్మ చెప్పినరోజు నాకు సంతోషం వేసింది. నేను ఆలస్యం చెయ్యలేదు, ఒట్టు. సంతోషం మాత్రం వేసింది. నువ్వుండగా తొడుగు కూర్చున్నరోజు అందరూ చప్పట్లు కొడితే, నేను చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి చాలాసేపు కడుక్కున్నాను.

అడిగేస్తాను. ఈ ఒక్క ఏడాది పిచ్చుకని నా దగ్గర ఉంచుతావా? బడి మంచిది, అది కలిసిపోయింది కూడా. పంటిని డాక్టరమ్మ ఎప్పటికప్పుడు చూస్తుంది. సెలవులకి తీసుకొస్తాను. నీకూ చంటాడితో కొంత తెరిపి.

తమ్ముడిని అడిగితే సరే అక్కా అంటాడు. నా మాట వాడు ఏనాడూ కాదనలేదు. అందుకే వాడిని అడగలేదు, అడగను. నువ్వు కన్నావు, నిన్ను అడుగుతున్నాను. వద్దంటే వద్దు. రాత్రింబగళ్ళు ఇదే తిరుగుతోంది బుర్రలో, రాసేస్తే వదులుతుందని రాశాను.

వదిన


జూలై 23

వదినా,

గారు అని రాయలేదు. రాయబోతే చెయ్యి కదల్లేదు. ఈ ఒక్కసారికి క్షమించండి.

మీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులయింది. మొదటి రోజు పొయ్యి మీద పాలు పెట్టి చదివాను, పాలన్నీ పొంగిపోయాయి. రెండో రోజు రాయడానికి కూర్చున్నాను. మెత్తగా రాద్దామని ఎటునుంచో మొదలుపెట్టి, ఎక్కడికో పోయి, చించేశాను. నాకు చుట్టూ తిప్పి రాయడం రాదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పంపను, వదినా.

మీరు సరిగ్గా చూడరని కాదు. నాకన్నా బాగా చూస్తారు. అక్కడికి వచ్చినప్పుడు నా కళ్ళతో చూశాను, దాని జడ మీరు వేసినంత నున్నగా నేను ఏనాడూ వెయ్యలేదు. బడి మంచిదనీ తెలుసు. ఇవన్నీ పక్కన పెట్టుకుని ఎంత ఆలోచించినా నా నోటికి సరే అన్న మాట రాలేదు. దానికి కారణం రాయమంటే నా దగ్గర లేదు. పిల్లని కూడా అడిగాను, మీ పేరు పైకి తేకుండా. "అత్త దగ్గర ఉంటావా?" అంటే, "ఉంటాను, నువ్వూ తమ్ముడూ నాన్నా అందరూ రండి" అంది. అది దాని తీర్పు.

పన్ను బాగుంది. తీపి తగిలినా బుగ్గ పట్టుకోవడం లేదు. వీధిలో పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, నోరు తెరిచి స్టీలు తొడుగు చూపిస్తోంది. ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీసి చూడాలన్నారు కదా డాక్టరమ్మగారు. నేనే తీసుకొస్తాను. ఆయనకి పని ఉన్నా లేకపోయినా నేనే వస్తాను. వచ్చినప్పుడు వారం ఉంటాం, వెంటనే పంపెయ్యకండి.

ఒక్క మాట చెప్పి ఆపుతాను. నాకు పెళ్ళయిన దగ్గర్నించీ, అంతకు ముందూ, నన్ను ఎవరూ నీకిష్టమేనా అని అడగలేదు. నా బడి మాన్పించినప్పుడు అడగలేదు. పిచ్చుకని మీ దగ్గర వదిలి వచ్చినప్పుడు ఆయన అడగలేదు. మీరు అడిగారు. తమ్ముడితో ఒక్క మాట అంటే అయిపోయేదానికి నన్ను అడిగారు. అడిగారు కాబట్టే కాదని చెప్పగలుగుతున్నాను. మీ మీద కోపంతో కాదన్నానని అనుకుంటే నేను తట్టుకోలేను.

మీ ఉత్తరం నిన్న పొయ్యిలో వేశాను. ఆయన చూడలేదు, ఎప్పటికీ చెప్పను. తెలిస్తే, "అక్క నోరు తెరిచి అడిగితే కాదంటావా?" అని నన్ను అంటారు. మిమ్మల్ని చూసినప్పుడల్లా జాలిపడతారు. రెండూ మనకి వద్దు. మళ్ళీ కలిసినప్పుడు మీరు అడగనట్టూ, నేను అననట్టూ ఉందాం.

ఇది కూడా కాల్చెయ్యండి వదినా. అగ్గిపుల్ల గీసే ముందు ఇంకోసారి చదవకండి. చదివితే దాచుకోవాలనిపిస్తుంది.